బ్రష్షు మొదట్లో మురికి

హనుమప్పకు డెబ్బై ఎనిమిదేండ్లు. అబద్ధాలాడేదానికి పోయిన ఇరవై తీసేసినా, మిగిలినవి బాగానే బతికినాడు. కేజీఎఫ్ గని నడిచిన కాలంలో పగలు షాఫ్టులో దిగే పని, సాయంత్రమైతే గని కూలోళ్ళ ఇండ్ల లైన్లలో ఆడే నాటకాలకు మొహాలు పూసే పని. గని మూతపడింది, నాటకం దానికంటే ముందే మూతపడింది. ఇప్పుడు మనవరాలు రక్షిత పెండ్లికూతుర్లకు మేకప్ చేస్తుంది. దాని స్కూటీ వెనక కూచుని రాబర్ట్‌సన్‌పేటకొచ్చి, శశికుమార్ ఫ్యాన్సీ స్టోరులో స్టూలు లాక్కొని కూచున్నాడు, ఎవురూ అడగని సలహాలు ఇచ్చేదానికి.

కొనేది బ్రష్షులు కడిగే మందు. వినేదానికి చిన్న పనే గానీ రక్షితకు రెండు దినాలుగా ముద్ద దిగలేదు. కామసముద్రం తాయమ్మ కూతురు నాగరత్నకు నాలుగు దినాల్లో పెండ్లి. పోయిన వారం ట్రయల్ అని మేకప్ వేసొస్తే, రెండోనాటికి ఆ పిల్ల ఎడమ బుగ్గంతా ఎర్రగా పొక్కింది. "రేపొచ్చి నీ సామాన్లు చూపించు. నాకు నచ్చకపోతే బంగారపేట ఆమెను పిలిపిస్తా" అని తాయమ్మ ఫోన్ పెట్టేసింది. రక్షితకు దక్కిన మొదటి పెద్ద పెండ్లి అది. అది చెడితే ఆ పక్క ఊర్లలో ఇంగెవురూ గడప తొక్కనీరు.

శశికుమార్ గాజు బల్ల మీద మూడు రకాలు పెట్టినాడు. కొట్టి తుడిచే స్ప్రే, రేకు డబ్బాలో గట్టి సబ్బు, చిన్నపిల్లల షాంపూ.

"ఈ స్ప్రే చూడమ్మా. సుయ్యని కొట్టు, టిష్యూకు తుడువు, అర నిమిషంలో ఆరిపోతాది. బెంగళూరోళ్ళంతా ఇదే."

హనుమప్ప మూత తీసి వాసన చూసినాడు. "ఇది సారాయి కదప్పా! మా నాటకాల్లో దీన్ని ఆర్టిస్టుల గొంతులో పోసేవాళ్ళం. బ్రష్షుకు పోసేది ఇప్పుడే చూస్తా ఉండాను."

"సుమ్నుండు తాతా, వాగకుండా."

"ఉంటాలేమ్మా. శశీ, నీకు తెలుసునా, నా బ్రష్షు దొరగారి గుర్రం తోకతో కట్టింది. ఆ గుర్రం ఆర్నెల్లు పొద్దున్నే మా లైనుకొచ్చి, వాకిట్లో నిలబడి నా తోక యాడ అని అడిగేది."

"గుర్రం తెలుగులో అడిగిందా తాతా?"

"ఇంగ్లీషులోనే. దొర గుర్రం కదా. నాకు రాదు గాబట్టి నేను జవాబియ్యలేదు."

శశికుమార్ నవ్వుతా నవ్వుతా రక్షిత ఫౌండేషన్ బ్రష్షు మీద స్ప్రే కొట్టి తుడిచినాడు. కొన తెల్లగా వచ్చింది. రక్షిత మొహం విప్పారింది. అప్పుడు హనుమప్ప చెయ్యి చాపి బ్రష్షు తీసుకున్నాడు. వెంట్రుకలను రెండు పాయలుగా విడదీసి, ఇత్తడి తొడుగు మొదలయ్యే చోట బొటనవేలితో గట్టిగా నొక్కి, తన తెల్ల తువ్వాల మీద అద్దినాడు. గోధుమరంగు మరక పడింది. మళ్ళీ నొక్కినాడు. మళ్ళీ పడింది.

"ఇల్లు ఊడ్చి చెత్త తలుపు వెనక దాచినట్లుండాది" అన్నాడు.

రక్షిత స్ప్రే పక్కకు జరిపి, షాంపూ తీసుకొంది. "ఇది వాసన తక్కువ, చర్మానికి మంట ఉండదు. కానీ తాతా, క్రీము మేకప్పు నూనెతో చేసింది. షాంపూకు అంత సులువుగా వదలదే."

"ముల్లును ముల్లుతోనే, నూనెను నూనెతోనే తియ్యాల. ఇంటికి పా."

ఇంట్లో గిన్నెలో కొంచెం కొబ్బరినూనె పోసి, బ్రష్షును అందులో తిప్పి, అరచేతిలో మెల్లిగా రుద్దినాడు. వెంట్రుకల మొదట్లో ఉండే ఎన్నాళ్ళదో మడ్డి కరిగి, బెల్లం పాకం మాదిరి కారింది.

"చూస్తివా! ఇంగ గుడ్డతో తుడిస్తే అయిపాయె."

"అవ్వలేదు" అని రక్షిత లాక్కొంది. "నూనె మిగిలితే ఆ పిల్ల బుగ్గకు మళ్ళీ పొక్కులే. మీ నాటకాలోళ్ళ మొహాలు వేరే తాతా, రాతి మీద రంగు పూసినట్లు." గోరువెచ్చని నీళ్ళలో, కుచ్చు కిందికి వంచి, షాంపూతో రెండు తూర్లు కడిగింది. తొడుగు లోపలికి నీళ్ళు పోతే బంక ఊడి వెంట్రుకలు రాలతాయని, కొన వరకే తడిపి వేలితో నురగను మొదలుకు తోసింది. హనుమప్ప నోరు మూసుకొని చూసినాడు. ఆయనకు అది అరుదు.

నడవలో బట్టలారేసే దండెం తాడుకు బ్రష్షులన్నీ తలకిందులుగా కట్టినారు. బయట గని వదిలేసిపోయిన సైనైడు దిబ్బ మీది తెల్ల దుమ్ము గాలికి లేస్తా ఉంటే, పైన పలచని పంచె కప్పినాడు హనుమప్ప. సాయంత్రపు ఎండ పంచెలోంచి పడి, పన్నెండు నీడలు గోడ మీద ఊగుతున్నాయి. ఒకప్పుడు ఇదే పొద్దుకు షిఫ్టు కూత కూసేది. మనుషులు మట్టి మొహాలతో వచ్చి, నీళ్ళు పోసుకొని, నేరుగా ఈ నడవలోకే వచ్చి వరసగా కూచునేవాళ్ళు. రాజు ఒకడు, మంత్రి ఒకడు, చివర్న ఆడవేషం కట్టే చిన్నవెంకటప్ప. వాడికి రంగు పూస్తుంటే ఆడవాళ్ళే కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్ళు.

"తాతా, చిన్నవెంకటప్ప తాతను తేలు ముద్దు పెట్టుకొన్న కథ చెప్పు" అనింది రక్షిత, వాడి పేరు ఆయన నోట్లో ఆడింది చూసి. ఆ వేషాన్ని చూసి తేలు మనసు పడి, రంగస్థలం మీదికొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టిందనీ, వాపు మూడు మైళ్ళ దూరానికి కనిపించిందనీ, ఇంట్లో అందరికీ తెలిసిన కథ.

హనుమప్ప జారిన పంచె కొసను బ్రష్షుల మీదికి లాగినాడు.

"తేలూ లేదు, ముద్దూ లేదమ్మా. వరసగా మూడు ఆటలు. నలుగురికీ ఒకే బ్రష్షు. కొన తుడిచి ఊరుకున్నా, ఒళ్ళు వంగక. వాడి మొహం పగిలింది. నెల దినాలు వేపాకు తిన్నాడు, నా రక్తమే చెడ్డది అనుకొని. మళ్ళీ వేషం కట్టలేదు. చచ్చేదాకా అట్లే అనుకొన్నాడు. నేను చెప్పలేదు, తేలు కథ చెప్తా వచ్చినా."

రక్షిత లేచి లోపలికి పోయింది.

మరుసటి దినం కామసముద్రంలో తాయమ్మ బ్రష్షులను చాప మీద పరిపించుకొని, ఒక్కొక్కటీ విడదీసి చూసింది. వెంట వచ్చిన హనుమప్ప ఎట్లని చూపిస్తే, అట్ల మొదట్లో నొక్కి తెల్ల గుడ్డ మీద అద్దింది. మరక పడలేదు. పొక్కులు తగ్గిన బుగ్గతో నాగరత్న పక్కనే కూచుని ఉండాది.

"సరే" అనింది తాయమ్మ. "పెండ్లి దినం తెల్లారుజామున నాలుగుకంతా వచ్చేయి."

 పని దక్కింది. ఇంగ లేచి రావడమే.

తాయమ్మ మాత్రం మాట ఆపలేదు. "బుగ్గ పొక్కిన దినం నువ్వు ఫోనులో చెప్పినావు కదా, మామిడిపండ్లు తిని ఒంట్లో వేడి పుట్టిందని. అప్పట్నుంచి దీనికి ఒక్క పండు ఇయ్యలేదు. తోటంతా మాదే, ఇది చూస్తా కూచునేది. ఈ ఏడే కదా ఇంట్లో ఉండేది."

ఇది హనుమప్పకు కొత్త మాట. గోడ పక్కన గడ్డిలో మాగేసిన పండ్ల వాసన అప్పుడు తగిలింది ఆయనకు. మనవరాలి మొహం చూసినాడు. ఆయన నాలిక మీద అప్పటికే ఒక అబద్ధం, మంచిది, కాళ్ళూ చేతులతో సహా తయారై నిలబడింది. మింగేసినాడు.

"మామిడిపండు కాదమ్మా" అనింది రక్షిత. "నా బ్రష్షే. ముందు పెండ్లిలో వాడింది సరిగ్గా కడగలేదు. భయపడి అట్ల చెప్పినా."

తాయమ్మ చేతిలో గుడ్డ ఆగింది. "అంటే నాకు అబద్ధం చెప్పినావు."

"ఔనమ్మా."

"ఏమప్పా పెద్దాయనా, ఇట్లనా పెంచేది?"

"మా ఇంట్లో అబద్ధాల పని నాదమ్మా" అన్నాడు హనుమప్ప. "దానికి చేతకాదు. చూడు, వారం దినాలు కూడా దాచలేకపోయింది."

తాయమ్మ నవ్వలేదు. నాగరత్న నవ్వింది. తల్లి చేతిలో బ్రష్షు తీసుకొని, తన బాగున్న బుగ్గ మీద ఒకసారి తిప్పుకొని చూసింది.

"ఈ అక్కనే రానీమ్మా. బంగారపేట ఆమె తప్పు చేస్తే నిజం చెప్తాదో లేదో మనకెట్ల తెలుస్తాది?"

తాయమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "ముందు దినమే రా. నా కండ్ల ముందర కడగాల, నా దండెం మీదనే ఆరెయ్యాల."

"వస్తానమ్మా."

నాగరత్న అప్పటికే గోడ దగ్గర గడ్డి తొలగిస్తా ఉండాది. నాలుగు పండ్లు వేలితో నొక్కి చూసి, అయిదోది తీసి తొడిమ కొరికింది. రసం మోచేతి దాకా కారింది. ఎవురూ వద్దనలేదు.