నిండని మూల

గడ్డం సగం గీసుకున్నాక కరెంటు పోయింది. బొగ్గుబాయిల వాళ్లు కూడా సమ్మెలోకి దిగాక జనగామలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. సోమేశ్వర్ అద్దాన్ని కిటికీ దగ్గరికి జరుపుకొని రెండో చెంప గీసుకున్నాడు. సన్నటి మనిషి. తెల్లచొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకొని, ఉన్న నాలుగు వెంట్రుకలు పక్కకు దువ్వుకున్నాక ఎక్కడ నిలబెట్టినా గోడలో కలిసిపోతాడు. అన్నదమ్ములంతా బజారులో కిరాణా దుకాణాల్లో కూర్చుంటే ఈయనొక్కడే లెక్కల మాస్టరయ్యాడు. పోనీ, దాంతోనైనా పేరొచ్చిందా అంటే అదీ లేదు.

"ఇయ్యాల గూడ పోవుడేనా? బస్సులు లేవాయె," అంది సునంద, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"ఆటోల పోత. ఆఖరు రోజు గద," అన్నాడు భార్యతో.

సెప్టెంబరు నెలాఖరు. ఈ సాయంత్రంతో పదవీ విరమణ. మామూలు రోజులైతే శాలువా కప్పి, ఫొటో దిగి పంపేవారు. సకల జనుల సమ్మెలో ఆయన పనిచేసే దేవరుప్పుల బడికి తాళం పడింది. శాలువా సంగతి ఆయనకు పట్టలేదు. ఒక్క పాఠం మిగిలిపోయింది, అదే బాధ. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం, ఇట్లా ఆగకుండా కలుపుతూ పోతే మొత్తం ఒకటవుతుందని ఇన్నేళ్లూ సూత్రం రాసి బట్టీ పట్టించాడు. బొమ్మ గీసి చూపించిన పాపాన పోలేదు. సిలబస్ వెనకబడుతుందని భయం. ఎంతసేపూ ఏదో ఒక భయమే ఆ మనిషికి. రేపటి నుంచి చెబుదామన్నా వినడానికి పిల్లలుండరు.

దేవరుప్పుల చౌరస్తాలో దీక్షా శిబిరం టెంటు కింద హెడ్మాస్టరు అబ్రహాం కూర్చొని ఉన్నాడు. సోమేశ్వర్ పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"ఒక్క గది తాళం తీయించరాదు సార్. ఒక్క పీరియడ్."

"సమ్మెల తాళం తీస్తే రేపు మనకు ముఖం ఉంటదా సోమన్నా?" అని, మళ్లీ తనే, "రోడ్డు మీద చెప్పు. బడి రోడ్డు మీదనే నడుపుతున్నం గద," అన్నాడు అబ్రహాం.

అదీ నిజమే. రాస్తారోకో రోజుల్లో పంతుళ్లు రోడ్డు మీదే పాఠాలు చెబుతున్నారు, ఆ పక్కనే రాళ్లు పెట్టి వంటావార్పు నడుస్తోంది, అటూ ఇటూ లారీలు ఆగి ఉన్నాయి. సోమేశ్వర్ వంగి తారు మీద సుద్దముక్కతో పెద్ద చతురస్రం గీశాడు. నడుం పట్టేసింది. అయినా గీత వంకర పోలేదు.

తండా నుంచి వచ్చిన ఆడవాళ్లను సగంలో కూర్చోమన్నాడు. మిగిలిన సగంలో సగం పిల్లలకిచ్చాడు. ఆ మిగిలిన దాంట్లో సగం పంతుళ్లకు. తర్వాతి సగంలో వంటగిన్నె దించారు. ఆ తర్వాత ఎవరిదో సంచి, ఆయన టిఫిన్ డబ్బా, సుద్దముక్కల పెట్టె. రోడ్డు అంచున ఉన్న మూల వైపు ఖాళీ చిన్నదవుతూ పోయింది. పిల్లలు నవ్వుతున్నారు. డప్పులవాళ్లు కూడా ఆపి చూస్తున్నారు. సోమేశ్వర్ గొంతు ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత పైకి లేచింది.

"మిగిలిన దాంట్ల సగం పోతనే ఉంటది. ఈ గీతల లోపట ఎక్కడ వేలు పెట్టి చూపించినా సరే, ఆ జాగ ఎప్పుడో ఒకప్పుడు నిండుతది. మొత్తం ఒకటైతది."

"గట్లనే తెలంగాణ గూడ వస్తది సార్," అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు. సోమేశ్వర్‌కు కళ్లు చెమర్చాయి. ఎంత సంతోషపడ్డాడో, పాపం.

అప్పుడు ఆడవాళ్లలోంచి తారి లేచొచ్చింది. ఆమె కొడుకు కృష్ణ ఈయన దగ్గరే పదో తరగతి చదివాడు. పోయినేడు భూపాలపల్లిలో సభకని లారీ ఎక్కి, దారిలో పైనుంచి జారిపడి చనిపోయాడు. టెంటులో అమరుల ఫొటోలు వరసగా కట్టారు. కృష్ణది లేదు. లారీ మీంచి పడ్డవాణ్ణి అమరుడని ఎట్లా అంటామని శిబిరం కమిటీలో ఎవరో అన్నారట. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

తారి గొంతుక్కూర్చొని, ఆ ఖాళీ మూలలో రెండు గీతలు కలిసిన కొసన వేలు పెట్టింది.

"మరి గీ జాగ సారూ?"

సోమేశ్వర్ తడబడ్డాడు. అడగాల్సిన ప్రశ్నే అది. ఎన్ని సగాలు పోయినా ఆ కొస మాత్రం అందదు.

"అది చుక్క, తారమ్మా. దానికి పొడుగు లేదు, ఎడల్పు లేదు. అది నిండకున్నా మొత్తం తగ్గదు."

"తగ్గదా?"

"తగ్గదు."

"నిజమే సారూ," అంది తారి, వేలు తీయకుండానే. "మా కృష్ణ లేకున్నా అందరు గిట్లనే కూసున్నరు. ఏం తగ్గలే."

 పాఠంలో తప్పు లేదు. అయినా సోమేశ్వర్ సిగ్గుతో చచ్చిపోయాడు. పిల్లలు ఆయన ముఖంలోకి చూస్తున్నారు. తర్వాత చెప్పాల్సింది ఇంకేమీ లేదని వాళ్లను లేవమన్నాడు.

తిన్నగా టెంటులోకి వెళ్లి, నలుగురిలోనే అబ్రహాంను అడిగాడు. "కృష్ణ ఫొటో కట్టించున్రి సార్."

"నువ్వు గూడ ఏంది సోమన్నా. కమిటీల మాట్లాడుదాం తీ."

"ఎప్పుడు?"

అబ్రహాం పక్కనున్నాయనతో మాటల్లో పడ్డాడు. సోమేశ్వర్ అక్కడే నిలబడ్డాడు, కానీ రెండోసారి అడగడానికి నోరు రాలేదు.

సాయంత్రం రాస్తారోకో విరమించారు. గిన్నె లేచింది, సంచి లేచింది, ఆడవాళ్లు తండా దారి పట్టారు. అబ్రహాం వచ్చి చెయ్యి కలిపి, సమ్మె అయ్యాక ఘనంగా సన్మానం చేద్దామన్నాడు. సోమేశ్వర్ తలాడించి, జనగామ ఆటోలో వెనక సీటు చివర ఇరుక్కొని కూర్చున్నాడు. ఆయన ఉద్యోగం అట్లా అయిపోయింది. ఎప్పుడెళ్లాడో కూడా చాలామంది చూడలేదు.

తారి అందరికంటే వెనక లేచింది. రవిక చేతికి కుట్టిన గవ్వల్లో ఒకదాన్ని పళ్లతో కొరికి తెంపి, తను వేలు పెట్టిన ఆ కొసన ఉంచి, బొటనవేలితో నొక్కి వెళ్లిపోయింది. ఆగిన లారీలన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. సుద్దగీతలు టైర్లకు అంటుకొని చెదిరిపోయాయి. చక్రాలు అందని రోడ్డు అంచున గవ్వ ఉంది, తెగిన ఎర్రదారం పోగు దానికి ఇంకా వేలాడుతూనే ఉంది.