వెనక షాక్ లేని సైకిల్

ఝాన్సీ అల్లవరం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ టీచరు, సోషల్ క్లాసులు కూడా చెబుతుంది. నాలుగేళ్ల క్రితం పిల్లలకి ఖోఖో ఆడిస్తూ జారిపడితే నడుం పట్టేసింది. కోలుకున్నాక కూడా సైకిల్ మీద కుదుపులు తగలకూడదన్నాడు డాక్టరు. సైకిల్ లేకుండా ఉండలేని మనిషి ఆమె. భర్త వరప్రసాదం కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఎవరెవరినో వాకబు చేసి, విశాఖపట్నం నుంచి ఒక పాత మౌంటెన్ సైకిల్ తెప్పించాడు. దానికి ముందు చక్రం ఫోర్కుకే కాదు, వెనక సీటు కింద కూడా కుదుపులు మింగే సస్పెన్షన్ ఉంది. అమలాపురం గతుకుల్లో కూడా పంటు పడవ మీద కాలవ దాటుతున్నట్టు ఉండేది.

అయితే ఆ వెనక షాకబ్జార్బరులో, అందరూ షాక్ అనేదాన్లో, గాలి ఉంటుంది. తొక్కేవాళ్ల బరువును బట్టి చిన్న పంపుతో సరిచూస్తుండాలి. కీళ్లలో మట్టి చేరితే కిర్రుమంటుంది. అది తెలిసిన మెకానిక్కు చుట్టుపక్కల దొరకలేదు. వరప్రసాదమే ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. శనివారం సాయంత్రం వరండాలో చాప పరుచుకుని సైకిల్ ముందు కూర్చునేవాడు. ఝాన్సీ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. వారమంతా ‘ఆయ్’ తప్ప పెద్దగా మాట్లాడని మనిషి, ఆ గంటసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. సబ్‌స్టేషన్లో దూరిన ఉడుత సంగతి, వాళ్లమ్మ నాట్లకి వెళ్తూ పాడుకునే పాటల సంగతి. ఝాన్సీ సగం వినేది, సగం పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకునేది.

ఆదివారాలు చర్చిలో ఆరాధన అయ్యాక కొందరితో కలిసి ఓడలరేవు దాకా తొక్కేది. అందరిలోకీ వెనకబడేది. ఆ గుంపులోకి ఒకసారి మండపేట రైసుమిల్లు వాళ్లబ్బాయి నాగసతీష్ వచ్చాడు.

“మీకిక్కడ కొండలెక్కడున్నాయండీ మేడం, ఇంత బరువు సైకిలు దేనికి? నాది హార్డ్‌టెయిలండి. వెనకాల షాకుండదు, రిపేరుండదు. మేం మారేడుమిల్లి కొండలకెళ్తాం, మాకు మీదే కావాలి. మార్చుకుందామా?” అన్నాడు.

తొక్కి చూసింది. చేపపిల్లలా దూసుకుపోయింది. నడుం నొప్పి కూడా తగ్గి ఏడాది దాటింది. పైగా భర్త ఈ మధ్య చాప మీంచి లేవాలంటే మోకాళ్లు పట్టుకుని లేస్తున్నాడు, ఆయనకీ ఒక పని తగ్గుతుంది అనుకుంది. ముందుపడాలన్న ఆశే అసలు కారణమని ఆమెకి తెలుసు. ఇంట్లో అడగకుండానే మార్చేసింది.

సాయంత్రం వరప్రసాదం వరండాలో కొత్త సైకిల్ చూసి ఆగిపోయాడు.

“మార్చేసేనండి. ఇంక శనివారాలు మీకీ గోల ఉండదు.”

“ఆయ్.” వంగి ఫోర్కు తడిమాడు. “ఇది గాలిదేనా?”

“కాదంటండి, స్ప్రింగంట.”

“అయితే ఇంక పనేం లేదు,” అని లోపలికెళ్లాడు.

పది రోజులకి నాగసతీష్ ఫోన్ చేశాడు. షాక్‌లో గాలి ఎంత పెట్టాలో తెలియడం లేదన్నాడు. ఝాన్సీకీ తెలియదు. మూడేళ్లు దాని మీదే తిరిగింది గానీ ఒక్కసారీ అడగలేదు. ఫోన్ భర్తకిచ్చి వంటింట్లోకి వెళ్లింది.

“మీ బరువెంతండీ? అయితే ఇంకొంచెం పెట్టాలండి,” అంటున్నాడు వరప్రసాదం. తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడైంది. “మా ఆవిడకైతే ఒక్కో వారం ఒక్కోలా పెట్టేవాణ్ణండి. నడుం నొప్పొచ్చినా తను చెప్పదు. దిగేటప్పుడు సీటు మీద చెయ్యానిచ్చి దిగుద్ది. అది చూసి ఆ వారం గాలి తగ్గించేసేవాణ్ణి. తనకి తెలీదండి.”

అరగంట మాట్లాడాడు. మొహం తెలియని మనిషితో, శనివారాల గొంతుతో. ఝాన్సీ పొయ్యి కట్టేసి అలాగే నిలబడింది.

“వెనక్కి తెచ్చేసుకుందామాండీ?” అంది ఫోన్ పెట్టేశాక.

“ఎందుకు? అతను కొండల్లో బాగా తొక్కుతున్నాడంట. నీకూ ఇదే బావుంది కదా, ముందెళ్తున్నావంట.” ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. గిల్లికజ్జా పెట్టుకుని అయినా ఏదో ఒకటి చెప్పించేది.

శనివారం ఐదింటికి వరప్రసాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. చర్చి సంఘం కమిటీలో చేరాడట. పాస్టరు గారు మూడేళ్లుగా పిలుస్తున్నారని, శనివారం ఖాళీ ఉండదండీ అని ఇన్నాళ్లూ తప్పించుకున్నాడని ఆమెకి అప్పుడే తెలిసింది.

“ఈ ఒక్క వారం మానెయ్యకూడదాండీ?”

“మాటిచ్చేసేను, ఝాన్సీ. మీటింగుంది,” అన్నాడు చెప్పులేసుకుంటూ. “టీ నాకు పెట్టకు, అక్కడిస్తారు.”

గేటు దాటి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత సైకిల్ బయటికి తీసి గొలుసుకి నూనె వేసింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. నోట్‌బుక్కుల కట్ట ముందేసుకుని గుమ్మంలో కూర్చుంది కానీ, ఒక్కటి కూడా దిద్దలేకపోయింది.