బర్డీ బంతి

నేనొక గోల్ఫ్ బంతిని. ఒళ్లంతా గుంటలు చూసి అమ్మవారు పోసిందనుకోకండి. ఆ గుంటలుంటేనే గాలి నన్ను మోస్తుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో రబ్బరు ముద్దగా పుట్టి, తెల్లటి తొడుగు వేయించుకుని, విశాఖలో సముద్రం పక్కనున్న మైదానానికి వచ్చి పడ్డాను.

నా మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. టీ అనే చిన్న పుల్ల మీద నన్ను నిలబెట్టి, బండలు పగలగొట్టేవాడిలా కొట్టేవాడు. నేను పొదల్లో పడితే నన్నే తిట్టేవాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఒకనాడు వెతకడం మానేసి వెళ్లిపోయాడు. చాలాకాలం ఆ పొదలోనే పడుకుని, సముద్రఘోష వింటూ, ఎగురుతున్నట్టు కలలు కన్నాను.

నన్ను అక్కడినుంచి తీసి కొంగుతో తుడిచినావిడ దమయంతి. ఆవిడకు ఆట రాదు. ఆడేది ఆవిడ భర్త భాస్కరం గారు, ఓడరేవులో పనిచేసి రిటైరైనాయన. కళ్లు మసకబారుతున్నాయి, నేను గాల్లోకి లేచాక ఆయనకు కనిపించను. అందుకని ఆవిడ వెంట నడుస్తూ, నేను ఎడమపక్క పడ్డానో, సరుగుడు చెట్టు మొదట్లో పడ్డానో చెబుతుంది. ఆయన మారుమాట లేకుండా అటే నడుస్తారు.

ఈ ఆట లెక్క చిత్రమైనది. ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. ప్రతి గుంటలోకీ బంతిని ఇన్ని దెబ్బల్లో చేర్చాలని ఒక లెక్క ఉంది, అది పార్. ఒకటి ఎక్కువైతే బోగీ. ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్. ఒకటి పిట్ట, ఒకటి గద్ద. మనుషులకు రెక్కలు లేవన్న దిగులు ఇంకా తీరలేదన్నమాట. దారిలో ఇసుక గొయ్యి వస్తే అది బంకర్. వాళ్లకది గండం, నాకు మెత్తటి పరుపు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్.

భాస్కరం గారు బోగీల మనిషి. ఇన్నేళ్లలో ఒక్క బర్డీ లేదు. ఈ వేసవితో ఆట మానెయ్యమని కళ్ల డాక్టరు చెప్పినప్పుడు, మానేలోగా ఒక్క పిట్టనైనా పట్టాలని ఉందని భార్యతో అన్నారు.

అది ఆయన చివరి ఆట, చివరి గుంట. పార్ నాలుగు. రెండు దెబ్బల్లో గ్రీన్ అంచుకు చేరి, ఏపుగా పెరిగిన గడ్డి మీద కూర్చున్నాను. మూడో దెబ్బకు లోపల పడితే బర్డీ. ఆయన కర్ర వెనక్కి తీస్తుంటే అది గడ్డికి తగిలింది. నేను బియ్యపు గింజంత పక్కకు ఒరిగాను. చేతులు అప్పటికే ఊపందుకున్నాయి, కొట్టేశారు. తేలినట్టు లేచి, పచ్చికమీద వాలి, నిద్రలో నడిచినట్టు దొర్లుకుంటూ వెళ్లాను. ఆకాశం ఒక్కసారి గుండ్రంగా తిరిగి మాయమైంది. గుంటలో చల్లగా ఉంది.

పైన చప్పట్లు. జతగా ఆడుతున్న రుద్రరాజు గారు బర్డీ, బర్డీ అంటూ ఆయన్ను కౌగిలించుకున్నారు. కానీ ఈ ఆటలో వెంట అంపైరు ఉండడు, ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. తన కర్ర వల్ల బంతి కదిలితే ఒక దెబ్బ అదనం. భాస్కరం గారు భార్య దగ్గరకు వెళ్లి మెల్లగా అడిగారు.

"దమయంతీ, బంతి కదిలిందా?"

నేను ఒరగడం ఆవిడ చూసింది. ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒక్క క్షణం తడబడింది.

"లేదండీ."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "నాకు కళ్లు పోతున్నాయి గానీ చేతులు పోలేదే," అన్నారు. తర్వాత స్నేహితుడి వైపు తిరిగి, "నాలుగు రాయండి రాజుగారూ. పార్," అన్నారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. రబ్బరుకు కన్నీళ్లుండవు కాబట్టి పరువు దక్కింది.

ఇప్పుడు వాళ్ల ముందుగదిలో గాజు బీరువాలో ఉంటున్నాను. చుట్టాలు అడిగితే, అది పార్ కొట్టిన బంతి అంటారాయన. వాళ్లకు అర్థంకాదు, కాఫీ తాగి వెళ్లిపోతారు. నేను ఆయనకిక బొత్తిగా కనిపించను. దమయంతి మాత్రం రోజూ నన్ను తీసి తుడుస్తుంది. తిరిగి పెట్టేముందు నన్ను పెదాల దగ్గరకు తెచ్చుకుని, "బర్డీ" అని గుసగుసగా అంటుంది.

ఆయన చెవులు పాము చెవులు. ఆ మాట వినబడగానే పడక్కుర్చీలో తల అటు తిప్పుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తారు.