పడవ బిరడా

క్రెయిగ్‌ను మా చెల్లెలు లినెట్ ఎందుకు చేసుకుందో నన్ను అడగకండి. నేనైతే వాడి చేతికి నా కుక్కను కూడా అప్పగించను. మార్చిలో వాడు లినెట్ మణికట్టు విరిచాడు. ఆసుపత్రిలో కట్టు వేయించుకుంటూ అది నాతో అన్నది ఒక్కటే మాట. "తప్పు నాదే అక్కా. ఆయన వచ్చేసరికి భోజనం సిద్ధం చేయలేదు." ఒళ్ళు మండిపోయి లేచి వరండాలోకి వచ్చేశాను. తల్లీబిడ్డల దరిదాపులకు రావద్దని ఆ తర్వాత కోర్టు వాడికి చెప్పింది. వాడు వినే రకమైతే ఇంకేం.

మే నెలలో చేపలవేట మొదలయ్యే శనివారం మా మినసోటాలో ఎవరూ ఇంట్లో ఉండరు. లినెట్‌నూ, దాని ఏడేళ్ళ కూతురు బ్రిటానూ వెంటబెట్టుకుని స్టేట్ పార్కుకి వెళ్ళి, సరస్సు ఒడ్డున టెంట్ వేశాను. వేట ముందురోజు పైన్ చెట్ల మధ్య కాలిబాట పట్టి సరస్సు సగం చుట్టొచ్చాం. నిప్పుల మీద సాసేజీలు కాల్చుకు తిన్నాం. చాలా రోజులకి పిల్ల పకపకా నవ్వింది. అది చూసి లినెట్ మనసు కరిగిపోయింది కాబోలు, ఆ వెధవ ఫోన్ చేస్తే ఎత్తి, మేం ఎక్కడున్నామో చెప్పేసింది.

శనివారం పొద్దున్నే నా రేకు పడవలో వేటకెళ్ళి తిరిగొచ్చేసరికి రేవులో క్రెయిగ్ ట్రక్కు ఉంది. దాని వెనక ట్రైలర్ మీద వాడి పెద్ద పడవ ఉంది. ట్రక్కును వెనక్కి నడుపుతూ పడవను నీళ్ళలోకి దించుతున్నాడు. నోటినుంచి విస్కీ కంపు నా దాకా కొడుతోంది.

మా దగ్గర పడవను నీళ్ళలోంచి తీయగానే వెనకవైపు అడుగున ఉన్న బిరడా లాగేసి, నీళ్ళన్నీ కార్చేసి, అలాగే రోడ్డెక్కాలి. ఒక సరస్సులోని పాచీ పురుగూ ఇంకో సరస్సుకి పాకకూడదని చట్టం. మళ్ళీ దించేముందు బిరడా పెట్టుకోవాలి. ఆ పని క్రెయిగ్ ఎప్పుడూ బ్రిటాకే ఇచ్చేవాడు. తండ్రిగా వాడు చేసిన ముచ్చట ఏదైనా ఉంటే అదొక్కటే.

"బిరడా పెట్టావా?" అని ట్రక్కులోంచి అరిచాడు. అప్పటికే తండ్రి దగ్గరికి చేరి పడవ వెనక నిలబడ్డ బ్రిటా తలూపింది.

లినెట్ పరిగెత్తుకొచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. క్రెయిగ్ దిగి, మాటా పలుకూ లేకుండా లినెట్ మూతి మీద పిడికిలితో గుద్దాడు. పెదవి చీలి రక్తం చొక్కా మీదికి కారింది. నేను గట్టు మీదికి దూకి వాడి కాలర్ పట్టుకున్నాను. నన్ను రాళ్ళ మీదికి తోసి, డొక్కలో బూటు కాలితో తన్నాడు. మళ్ళీ తన్నాడు. నాకు ఊపిరి తిరిగేలోపు పిల్లను పడవలోకి విసిరి మోటారు ఆన్ చేశాడు. పడవలు దించడానికి వెనక వరసలో ఉన్నవాళ్ళు, ట్రక్కు దారికి అడ్డంగా వదిలేశాడని హారన్లు కొడుతున్నారు. అవతలి ఒడ్డున స్నేహితుడి కారు ఉందనీ, తన బిడ్డను కెనడా తీసుకుపోతున్నాననీ, చేతనైతే ఆపమనీ నాకు చెప్పి మరీ పోయాడు.

"తప్పు నాదే అక్కా, నేనే చెప్పాను ఆయనకి" అని లినెట్ నెత్తురు మింగుతూ ఏడ్చింది. దాని వెనక టెంటు తాడుకి పిల్ల నారింజరంగు లైఫ్ జాకెట్ వేలాడుతోంది. సరస్సు మీద మంచు కరిగి ఇంకా నెల కాలేదు. ఆ నీళ్ళలో పడితే పెద్దవాళ్ళకే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి. పార్కు రేంజర్లకి ఫోన్ చేయమని లినెట్‌తో చెప్పి, జాకెట్ లాక్కుని నా పడవలోకి దూకాను.

వాడి పడవ ముక్కు పైకెత్తి వేగం అందుకోగానే వెనకనుంచి సన్నటి నీటిధార చిమ్మింది. బిరడా లేదు. పడవ వేగంగా పోతున్నంతసేపూ ఎక్కిన నీళ్ళు ఆ కంతలోంచే బయటికి పోతాయి. ఆగిందా, అదే కంతలోంచి సరస్సంతా లోపలికొస్తుంది.

ఆ గాడిదకొడుకు ఆగాడు. నన్ను ఏడిపించడానికి సరస్సు మధ్యలో మోటారు తగ్గించి, సీసా ఎత్తి తాగుతూ కూర్చున్నాడు. "ఏం వదినా, ఆ డొక్కు పడవలో ఈ వయసులో నీకెందుకీ ఆయాసం?" అన్నాడు.

బిరడా లేదురా, పిల్లను మునగ్గొడతావురా అని గొంతు చించుకున్నాను.

"బ్రిటా పెట్టింది. నా కూతురు నీలాగా అబద్ధాలాడదు" అని నవ్వి, నేను దగ్గరికి రాగానే మళ్ళీ దూసుకుపోయాడు. కొంత దూరం పోయి మళ్ళీ ఆగాడు. ఆగిన ప్రతిసారీ పడవ వెనక భాగం ఇంకొంచెం దిగుతోంది. చూస్తూ ఉండడం తప్ప ఏమీ చేయలేక నాకు పిచ్చెక్కిపోయింది. వాణ్ణి ముక్కలుగా నరకాలనిపించింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే అనిపించింది.

ఇంకోసారి ఆగాక వాడి పడవ ముక్కు ఎత్తలేకపోయింది. వెనక అంచు మీదుగా నీళ్ళు పొర్లి, మోటారు గుటకలు వేసి చచ్చింది. బ్రిటా ముందువైపు పాకి కూర్చుంది, ఒక చెయ్యి పిడికిలి బిగించుకుని. నేను నా పడవను వాడి పడవ పక్కకి గుద్ది ఆపాను. వాడు తెడ్డు తిప్పి నా భుజం మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. రెండోసారి ఎత్తినప్పుడు, చేప తల పగలగొట్టే దుడ్డుకర్ర ఇంకో చేత్తో అందుకుని వాడి దవడ మీద నా బలమంతా పెట్టి కొట్టాను. పళ్ళు రాలి నీళ్ళలో పడ్డాయి. వాడూ పడ్డాడు. జుట్టో చొక్కానో ఏది దొరికితే అది పట్టుకుని బ్రిటాను నా పడవలోకి లాగి జాకెట్ తొడిగాను. మా పక్కనే వాడి పడవ బుడబుడమంటూ మునిగిపోయింది.

అంతలో నా పడవ అంచు మీద వాడి వేళ్ళు కనిపించాయి. ఎక్కబోతున్నాడు, పడవ ఒరిగిపోతోంది. కర్ర ఎత్తాను. ఆ వేళ్ళు పచ్చడి చేసి అడుక్కి పంపేసేదాన్నే. బ్రిటా తన పిడికిలి ఆ వేళ్ళ మీద పెట్టింది.

"కొట్టకు పెద్దమ్మా. తప్పు నాది."

పిడికిలి విప్పింది. అరచేతిలో ఇత్తడి బిరడా.

"ఇది లేకపోతే పడవ కదలదనుకున్నా. నాన్న మనతోనే ఉండిపోతాడు, ఎవర్నీ కొట్టడు అనుకున్నా. పెట్టానని అబద్ధం చెప్పా."

కర్ర పట్టుకున్న నా చెయ్యి కిందికి దిగిపోయింది. బిరడా సంగతికి కాదు. ఆ 'తప్పు నాది' అన్న మాటకి. ఏడేళ్ళ పిల్లకి అప్పుడే ఆ మాట నోటికొచ్చేసింది. వాణ్ణి పడవ ఎక్కనివ్వలేదు. చంకల కింద తాడు కట్టి, చేపను ఈడ్చినట్టు ఒడ్డుదాకా ఈడ్చుకొచ్చాను. దారంతా వాడు నెత్తురు ఉమ్ముతూ కూతుర్ని తిడుతూనే ఉన్నాడు, తండ్రిని చంపబోయిన దరిద్రపుదానా అని. దవడ విరిగింది కాబట్టి సగం మాటలే అర్థమయ్యాయి. ఆ సగానికే పిల్ల వణికిపోయింది.

ఒడ్డున రేంజర్లు వాడికి సంకెళ్ళు వేశారు. లినెట్ నడుములోతు నీళ్ళలోకి వచ్చేసి పిల్లను ఎత్తుకుంది. బ్రిటా అరచెయ్యి చాపి బిరడా చూపించి, "అమ్మా, తప్పు నా..." అనబోయింది.

లినెట్ దాని నోరు మూసింది. చీలిన పెదవితో మాట సరిగా రావడం లేదు, అయినా అంది. "కాదు. నీది కాదు."

పిల్ల తల మీదుగా నా వంక చూసింది. ఇన్నేళ్ళలో నా చెల్లెలి నోట నేను వినని మాట అప్పుడంది.

"నాది కూడా కాదక్కా."