ఎదురు కొట్టుకి వెళ్ళిన పలకరింపు

కత్తెరాయన సెలూన్‌లో కుర్చీలు రెండు, అద్దం ఒక్కటే. గోడ పొడవునా ఉన్న ఆ అద్దంలో కస్టమరు తలతో పాటు వెనక రోడ్డు, రోడ్డుకి అవతల వాచీల కొట్టు, ఆ కొట్లో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్న మనిషి కూడా కనిపిస్తాడు. ఆ మనిషి కత్తెరాయన సొంత తమ్ముడు. ఇద్దరికీ మాటలు లేక ఏళ్ళు గడిచాయి.

గొడవ ఆస్తి గురించి కాదు. తమ్ముడి కొత్త అత్తమామలు భోజనానికి వచ్చిన రోజున, అందరూ కంచాల ముందు కూర్చున్నాక, కత్తెరాయన తమ్ముడి నడినెత్తిన వేలు పెట్టి, "వీడికి ఇక్కడ పలచబడుతోందండీ. మహా అయితే ఇంకో రెండేళ్ళు" అన్నాడు. డాక్టరు నాడి చూసి చెప్పినట్టు చెప్పాడు పాపం, మనసులో ఏమీ లేదు. మామగారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూశారు. తమ్ముడు తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అన్న గడప తొక్కలేదు.

కోపం ఉన్నా జుట్టు పెరగడం మానదు కదా. నెలకోసారి తమ్ముడు బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి కత్తిరించుకుని వస్తాడు. మర్నాడు అద్దంలో ఆ తల చూడగానే కత్తెరాయనకి కడుపు రగిలిపోతుంది. ఒక చెవి పక్కన ఎక్కువ, రెండో చెవి పక్కన తక్కువ, మెడ దగ్గర మెట్లు మెట్లు.

"చూశావుటే, ఎవడో వాణ్ణి కూర్చోబెట్టి కక్ష తీర్చుకున్నాడు!" అని భార్య దగ్గర వాపోతాడు.

"వెళ్ళి పిలవచ్చుగా" అంటుంది ఆవిడ.

"నేనా? పెద్దవాణ్ణి!" అంటాడు. పిలవాలని లోపల ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది. నోరు మాత్రం పెగలదు.

అలా ఉండగా వీధి చివర ఒక ఏసీ సెలూన్ వెలిసింది. కత్తెరాయన కూర్చుని ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. ఇక లాభం లేదని ఆయన భార్య రంగంలోకి దిగింది. ఫోన్లో ఒక యాప్ ఉందట. మనం ఉన్నచోట చుట్టుపక్కల ఏ కొట్లున్నాయో, వాటి గురించి జనం ఏమనుకుంటున్నారో అందులో చూసుకోవచ్చట. మన కొట్టు అందులో చేరిస్తే, ఆ యాప్ ఉన్నవాళ్ళు ఈ వీధిలో ఉన్నప్పుడు ఫోను టింగుమని, మనం రాసిన పలకరింపు కనిపిస్తుందట.

"మనుషుల్ని పిలవడానికి ఫోనెందుకే?" అన్నాడు కత్తెరాయన.

"మీకు పిలవడం చేతకాదు కాబట్టి" అంది ఆవిడ.

ఆవిడ రోజుకో పలకరింపు రాసేది. "జుట్టు కళ్ళమీద పడుతోందా? బస్సొచ్చేలోపు తేల్చేస్తాం, రండి" అని రాస్తే, బస్‌స్టాపులో విసుగ్గా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇటు నడిచారు. "మీ ఆవిడ చెప్పి చెప్పి అలిసిపోయింది, ఇప్పుడు మేం చెబుతున్నాం" అని రాస్తే, ఒకావిడ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వచ్చినవాళ్ళు అద్దంలో ఫొటో తీసుకుని, "కత్తెర చల్లన, కబుర్లు వెచ్చన" అని యాప్‌లో పెట్టారు. అది చూసి వాళ్ళ స్నేహితులొచ్చారు. ఏసీ సెలూన్ సంగతి ఎవరికి పట్టింది! మొన్నటిదాకా మూతి విరిచిన కత్తెరాయనే ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ "మన యాప్, మన యాప్" అని గొప్పలు పోతున్నాడు.

ఒకరోజు పొద్దున ఆవిడ ఇలా రాసింది: "నెత్తిన పలచబడుతోందా? దాచుకోకండి. ఉన్నదాన్ని అందంగా చూపించే పూచీ మాది."

మధ్యాహ్నానికల్లా బెంచీ మీద ముగ్గురు బట్టతల పెద్దమనుషులు తేలారు. కత్తెరాయన నాలుగో ఆయన చెవి చుట్టూ సర్దుతుండగా అద్దంలో వాచీల కొట్టు తలుపు ధడాలున తెరుచుకుంది. తమ్ముడు కంటికున్న భూతద్దం తియ్యడం కూడా మర్చిపోయి, ఫోను చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటుతున్నాడు. అద్దంలో అంతకంతకూ పెద్దవాడవుతున్నాడు. కత్తెరాయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఏంటిది?" తమ్ముడు ఫోను తెచ్చి అన్న ముక్కు ముందు పెట్టాడు. "ఆరోజు మామగారి ముందు పరువు తీసింది చాల్లేదా? ఇప్పుడు వీధంతా టముకేస్తున్నావా?"

"ఒరేయ్, అది నీకు కాదురా! అందరికీ వెళ్తుంది!"

"మరి నాకు రోజూ ఎందుకొస్తోంది?"

"నువ్వు రోజూ ఎదురుగానే ఉంటావు కనక!"

బెంచీ మీద ముగ్గురూ ఫోన్లు తీసి చూపించారు. "మాకూ వచ్చింది బాబూ. మాకు కోపం రాలేదే!" అన్నాడు ఒకాయన, నున్నటి తల నిమురుకుంటూ.

తమ్ముడు తగ్గలేదు. "ఇవాళ ఒక్కరోజా? బస్సొచ్చేలోపు రండి, మీ ఆవిడ చెప్పి అలిసిపోయింది, వాన పడుతోంది లోపలికి రండి, ఎండగా ఉంది ఫ్యాను కింద కూర్చోండి... చెవిలో జోరీగలాగా రోజూ ఇదే గోల!"

ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పేసరికి కొట్లోనే ఉన్న వదినకి నవ్వొచ్చింది. "మరిదిగారూ, మా పలకరింపు వద్దనుకుంటే అక్కడే ఒక గుర్తుంటుంది. ఒక్క నొక్కు నొక్కితే మళ్ళీ జన్మలో రాదు. తెలీదా?"

"తెలుసు."

"మరి నొక్కలేదేం?"

తమ్ముడు కంటికున్న భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. చివరికి నేలచూపులు చూస్తూ, "మీ దగ్గర్నుంచి రమ్మని పిలుపు వచ్చింది దాంట్లోనే కదా వదినా" అన్నాడు.

కత్తెరాయన ఇన్నాళ్ళూ తన ఒక్కడి ప్రాణమే కొట్టుకుంటోందనుకున్నాడు. "తప్పు నాదేరా. ఆరోజు నోరు జారాను. తర్వాత పిలుద్దామంటే అదే నోరు రాలేదు" అని, గబగబా రెండో కుర్చీ దులిపాడు. "రా, కూర్చో."

"అవునవును, ముందు ఆయనకే చెయ్యండి" అన్నారు బెంచీ మీద వాళ్ళు.

తమ్ముడు తల అడ్డంగా ఊపి, వాళ్ళని కాస్త జరగమని బెంచీ చివర కూర్చున్నాడు. "వరసలోనే వస్తాన్లే అన్నయ్యా. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, ఇంకో గంట ఆగలేనా?"

కత్తెరాయన మళ్ళీ కత్తెర అందుకున్నాడు గానీ, అద్దంలో ఆయనకి ఏదీ సరిగ్గా కనిపించడం లేదు. కుర్చీలో ఉన్నాయన ఆ కత్తెర వంక ఓసారి, ఆయన కళ్ళవంక ఓసారి చూశాడు.

"కాస్త కళ్ళు తుడుచుకుని మొదలెట్టండి నాయనా" అన్నాడు. "చెవి నాది."