పిసీలా అత్త కేలరీలు

చర్చిలో కానుకలు చదివినట్టే కేలరీలు కూడా పైకి చదవాలన్న బుద్ధి సినీవాకు ఎందుకు పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఏ ఇంటివాళ్ళు ఎంత ఇచ్చారో పేరుపేరునా చదవడం ఆ దీవిలోని ఊళ్ళ అలవాటు. ఎవరి పేరు తర్వాత హాలంతా "ఆహా" అంటుందో, ఎవరి పేరు తర్వాత దగ్గులు వినిపిస్తాయో అందరికీ తెలుసు. సినీవా అదే పద్ధతిని వ్యాయామానికి పట్టుకొచ్చింది.

ఆక్లాండులో రెండేళ్ళు జిమ్ములో పనిచేసి వచ్చిన పిల్ల. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకు షుగరు, మిగతా సగానికి బీపీ. పాస్టరమ్మ ఆమెను పిలిచి, "మావాళ్ళ ఒళ్ళు తగ్గించు తల్లీ, నీ పేరు చెప్పుకుంటాం" అని చర్చి హాలు తాళం చేతిలో పెట్టింది. ఆక్లాండు జిమ్మువాళ్ళు పాతవని పక్కన పడేసిన ఇరవై ఛాతీ బెల్టులు సినీవా పెట్టెలో ఉన్నాయి. బెల్టు కట్టుకొని పాటకు నాట్యమాడితే గోడమీది తెరపై పేరు, పేరు పక్కన కేలరీలు. సాయంత్రం అయిదింటికి మొదలు, ఆరింటికి చదవడం. ఏ ఇంటి పేరు పైన ఉందా అని మగవాళ్ళు కూడా కిటికీల దగ్గర చేరేవారు.

నిజం చెప్పాలంటే ఆ బెల్టుకు కేలరీలు కనపడవు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఒక్కటే దానికి తెలుసు. వయసూ బరువూ కలిపి, మిగతాదంతా ఊహించి ఒక అంకె వేస్తుంది. అది ఎంతైనా అటూ ఇటూ కావచ్చని, గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవాళ్ళ విషయంలో దాన్ని అసలు నమ్మొద్దని ఆక్లాండులో పాఠం చెప్పినావిడ మొదటి రోజే చెప్పింది. సినీవా ఆ మాట పుస్తకంలో రాసుకొని కింద గీత కూడా గీసింది.

పిసీలా అత్తకు అరవై మూడేళ్ళు. సినీవాకు వరసకు మేనత్త. నాట్యంలో ఆ తీరంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇప్పటికీ నడుం తిప్పితే పడుచుపిల్లలు సిగ్గుపడాలి. గంటసేపు ఆడి, చెమటతో తడిసి ముద్దయ్యి, తెరవైపు చూస్తే ఆమె పేరు పక్కన తొంభై నాలుగు. పక్కన ఆడిన ఎసేటాకు రెండువందల ఎనభై.

"అత్తా, నువ్వు ఆడావా, నిలబడి ప్రార్థన చేసుకున్నావా?" అంది ఎసేటా.

"నోర్ముయ్యవే! నా చెమటలో నీ బట్టలు ఉతుక్కోవచ్చు" అంది పిసీలా అత్త. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. కానీ చదివే వేళకు "తుయాలావారి ఇల్లు, తొంభై నాలుగు" అని సినీవా గొంతెత్తి అనగానే, కిటికీ దగ్గరున్న ఆమె భర్త తుయాలా మామ మెల్లగా అక్కణ్ణుంచి తప్పుకున్నాడు. ఊరి పెద్దల్లో ఒకడాయన. ఆ ఇంటి పేరు ఎప్పుడూ చివర చదివింది లేదు. వరసగా మూడు వారాలు చివరే చదివారు.

ఒకరోజు అందరూ వెళ్ళాక అత్త బెల్టు విప్పి ఇస్తూ ఆగింది.

"ఒసే సినీవా, నర్సమ్మ చెప్పింది, నా బీపీ బిళ్ళ గుండెని నెమ్మదిగా కొట్టిస్తుందట. మరి ఈ పట్టీకి ఆ సంగతి తెలుసా?"

తెలియదు అత్తా, అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే, మిగతావాళ్ళ అంకెలు మాత్రం నిజమా అని రేపు ఎసేటా అడుగుతుంది. ఎల్లుండికి సగం బెల్టులు పెట్టెలోకి వెళతాయి. అయిదు ఊళ్ళ చర్చిల కేలరీల పోటీ రెండు వారాల్లో ఉంది. సినీవా బెల్టులు తుడుస్తూ, తలెత్తకుండా అంది. "సాకులు చెప్పకత్తా. చేతులు ఇంకాస్త పైకెత్తు, అదే పెరుగుతుంది."

మరుసటి వారం పెరిగింది. నూట తొంభై. తర్వాత రెండువందల యాభై. ఆ తర్వాత మూడువందల ముప్ఫై ఎనిమిది, ఎసేటాను దాటేసింది. "తుయాలావారి ఇల్లు!" అని ముందుగా చదివితే హాలు దద్దరిల్లింది. తుయాలా మామ లోపలికొచ్చి అందరిముందూ భార్య చెయ్యి పట్టుకున్నాడు. సినీవా కూడా చప్పట్లు కొట్టింది. లోపల ఎక్కడో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది, పోనీలే అనుకుంది.

పోటీకి రెండు రోజుల ముందు అత్త ఆమె చెవిలో అసలు సంగతి చెప్పింది.

"బిళ్ళ ఆపేశానే. పది రోజులైంది. చూశావా, ఎలా పరుగెత్తుతోందో నా గుండె! మామకి చెప్పకు, చంపేస్తాడు."

ఆ బిళ్ళ ఒక్కసారిగా ఆపకూడదని సినీవాకు తెలుసు. ఆపితే గుండెకే ముప్పని కూడా తెలుసు. అప్పుడే, ఆ గుమ్మంలోనే, అత్తను చెయ్యిపట్టి ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళిచ్చి మింగించాల్సింది. కానీ పోటీలో ఊరి మొత్తం అంకెలో మూడువందల పైచిలుకు ఆమెవే. పాస్టరమ్మ షీల్డు పెట్టడానికి గోడమీద మేకు కూడా కొట్టించింది.

"సరే," అంది సినీవా. "శనివారం అయిపోయాక వేసుకో."

ఆ నాలుగు మాటలూ అన్నది తన నోరే. తర్వాత ఎన్నిసార్లు నోరు కడుక్కున్నా అవి పోలేదు.

శనివారం పాట మూడోసారి మొదలయ్యేసరికి పిసీలా అత్త చెయ్యి ఛాతీమీదికి వెళ్ళింది. బెల్టు సర్దుకుంటోంది కాబోలు అనుకున్నారంతా. తెరమీద అంకె ఎగిరెగిరి పడుతుంటే పక్క ఊరివాళ్ళు కూడా ఈలలు వేశారు. ఆమె మోకాళ్ళమీద కూలబడి పక్కకు ఒరిగిపోయింది. సినీవా పరుగెత్తుకెళ్ళి బెల్టు తెంపింది. ఎవరిదో పికప్పు బండి వెనక వేసుకొని, ఒళ్ళో తల పెట్టుకొని, పట్నం ఆసుపత్రిదాకా "అత్తా, కళ్ళు ముయ్యకు, అత్తా" అంటూనే ఉంది.

బతికింది. గుండెపోటే, కానీ సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు. "మందులు సరిగ్గా వాడుతోందా?" అని అడిగాడు.

"ఒక్కరోజూ తప్పదు," అన్నాడు తుయాలా మామ. "పొద్దున కోకో తాగగానే వేసుకుంటుంది. నా కళ్ళతో చూస్తాను."

డాక్టరు సినీవావైపు కూడా చూశాడు. ఆమె గోడవైపు చూసింది. మాట గొంతుదాకా వచ్చింది. ఇక్కడ నర్సులే వేస్తారు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని తనకు తనే సర్దిచెప్పుకొని దాన్ని మింగేసింది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంటూ నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. వాళ్ళమ్మ టారో దుంప ఉడికించి పెడితే పళ్ళెం అలాగే ఉండిపోయేది. ఊరంతా మాత్రం ఆమెనే పొగిడింది. ఆ పిల్ల లేకపోతే పిసీలా ఉండేది కాదు అన్నారు. పాస్టరమ్మ చర్చిలో ఆమె పేరెత్తి కృతజ్ఞతా ప్రార్థన చేయించింది. ఆ ప్రార్థన జరిగినంతసేపూ సినీవా కళ్ళు తెరిచే కూర్చుంది.

అత్త ఇంటికొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం తుయాలావారి ఇల్లంతా కదిలి సినీవా గుమ్మానికి వచ్చింది. ముందు మామ, తెల్లచొక్కాలో. వెనక ఇద్దరు కోడళ్ళు మడతపెట్టిన సన్నచాపను రెండు చేతులమీదా మోసుకొస్తున్నారు. ఎర్రటి ఈకల అంచున్న చాప. ఒక్కటి నేయడానికి ఏళ్ళు పడుతుంది, పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప బయటికి తీయరు. అత్తను కుర్చీతో సహా మోసుకొచ్చి నీడన దింపారు.

"నా భార్య ప్రాణం నిలబెట్టావు," అన్నాడు మామ. "మా ఇంట్లో దీనికన్నా విలువైంది లేదమ్మా. తీసుకో."

కోడళ్ళు చాపను ఆమె ముందు పరిచారు. ఏం చెయ్యాలో తోచక సినీవా వంగి అత్త కాళ్ళు పట్టుకుంది. అత్త ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఎవరికీ చెప్పలేదు, భయపడకు," అంది గుసగుసగా. ముఖంలో చిలిపితనం ఇంకా పోలేదు. "ఆసుపత్రిలో ఆ బిళ్ళలతో ఒకటే నీరసం. ఇంటికొచ్చాక మళ్ళీ ఆపేశాను. బుగ్గన పెట్టుకొని తర్వాత ఉమ్మేస్తున్నాలే. వచ్చే పోటీకి చూడు, నాలుగువందలు కొడతాను."

సినీవా నెమ్మదిగా లేచింది. మామ చేతులు చాచి, ఆమె చాప అందుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. ఆమె చాపను రెండు కొసలా పట్టుకొని ఎత్తింది. తలమీద కప్పుకొని, గుమ్మం ముందు ఎండలో, వాళ్ళ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది.

ఆ ఊళ్ళలో అలా కూర్చునేది హంతకుల తరఫువాళ్ళు. తప్పు చేసిన ఇంటివాళ్ళు చాప కప్పుకొని కూర్చుంటారు. అవతలివాళ్ళు వచ్చి దాన్ని తీస్తే క్షమించినట్టు, తీయకపోతే లేదు.

"లేమ్మా, ఏమిటిది, ఎండ తగిలిందా?" అన్నాడు మామ.

"బిళ్ళలు ఆపేసింది మామా," అంది సినీవా చాప కింద నుంచి. ఊపిరాడటం లేదు. "నా అంకెల కోసం ఆపేసింది. ఆ బెల్టుకి ఆమె ఆట కనపడదని నాకు ముందే తెలుసు. అడిగితే సాకులు చెప్పకన్నాను. ఆపేశానని చెప్పింది, శనివారం దాకా ఆగమన్నాను. నేనే అన్నాను మామా. ఇప్పుడు కూడా వేసుకోవడం లేదు. ఉమ్మేస్తోంది."

"చెప్పొద్దన్నాను కదే, దొంగముఖమా!" అని అత్త అరిచింది.

మామ మాట్లాడింది సినీవాతో కాదు. "పిసీలా, ఇవాళ్టి బిళ్ళ ఎక్కడ?"

ఒక కోడలు చెప్పుల చప్పుడు ఇంటివైపు పరుగెత్తింది, మళ్ళీ వచ్చింది. గ్లాసులో నీళ్ళు పోసిన శబ్దం. "నోరు తెరువు," అన్నాడు మామ. "నాలిక ఎత్తు. ఇంకా ఎత్తు. నీ అంకె నాకొద్దే. నాకు నువ్వు కావాలి." ఆ ముసలాయన ఏడవడం సినీవా ఎప్పుడూ వినలేదు.

చివరికి ఆయన అడుగులు చాప దగ్గరికొచ్చి ఆగాయి. అంచుమీద ఆయన చెయ్యి పడింది.

"ముట్టుకోకు," అంది పిసీలా అత్త. గొంతులో చిలిపితనం లేదు. "పడింది నేను. తీసేదీ నేనే. నాకింకా కోపం తగ్గలేదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అత్త తన కుర్చీని చాప ఎదురుగా, ఎండలోకి జరిపించుకుంది. సినీవా తల ఇంకా కిందికి వంచి, అలాగే కూర్చుంది.