ఫిలిడా తినని భోజనాలు

ఫిలిడా గార్సైడ్ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా విందులు ఆరగిస్తోంది. ఒక్క ముద్ద మింగిన పాపాన పోలేదు.

"ఆకలేస్తే బయటికెళ్ళి శాండ్‌విచ్ తిను. ఈ బల్ల మీది వస్తువు మాత్రం ఏదీ నోట్లో పెట్టకు," అని ఆ రోజు కూడా, పాతకాలపు దొరల బంగళాలో సీరియల్ షూటింగ్ జరుగుతుండగా, పక్క కుర్చీలో ఉన్న టామ్సిన్‌కి చెప్పింది. టామ్సిన్‌కి ఇరవై రెండేళ్ళు. ఇదే మొదటి సీరియల్. కథలో ఫిలిడాకి మనవరాలు.

"ఎందుకండీ? దుంపలు వేడివేడిగా ఉన్నాయి. నిజం వెన్నే వేసినట్టున్నారు."

"నిజం వెన్నే. చిక్కంతా అక్కడే ఉంది. కర్నల్‌ని పలకరించేటప్పుడు నువ్వు దుంప కొరికావనుకో, అదుగో, టేకుకీ టేకుకీ తేడా రాకుండా చూసే ఆ కంటిన్యుటీ ఆవిడ రాసేసుకుంటుంది. ఇక ప్రతి టేక్‌లోనూ ఆ మాట దగ్గరే కొరకాలి. కెమెరా నీ వైపు పెడతారు, కర్నల్ వైపు పెడతారు, కొవ్వొత్తుల వైపు, ఆఖరికి కుక్క వైపు కూడా పెడతారు. అన్నిసార్లూ తింటూనే ఉండాలి తల్లీ."

"మరి తినకపోతే తెలిసిపోదా?"

ఫిలిడా చేసి చూపించింది. ఫోర్కుతో దుంపను పొడిచి, సగం దూరం ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు దించింది. బఠాణీలను ఒక మూలకు తోలి, మళ్ళీ విడగొట్టింది. రుమాలుతో పెదవులు అద్దుకుంది. చూసేవాళ్ళకు సుష్ఠుగా భోంచేసినట్టే ఉంది, పళ్ళెంలో ఒక్క గింజ తగ్గలేదు.

టామ్సిన్ తల ఊపింది. మొదటి టేక్‌లోనే రెండు దుంపలు లాగించింది. పొద్దుగూకేసరికి ఇరవై ఆరు టేకులయ్యాయి, పిల్ల లెక్క యాభై రెండుకు చేరింది. దుస్తులు చూసే డిల్లిస్ వెనకనుంచి వచ్చి, నడుము బిగించిన తాడు పట్టుకుని, "కోర్సెట్ తాడు ఇంకో అంగుళం వదలనా, లేక నిన్నే వదిలేయనా?" అని పిల్ల చెవిలో అడిగింది. ఫిలిడా నవ్వు ఆపుకోవడానికి విసనకర్ర అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

విసనకర్ర వాడకంలో ఆమెకు పోటీ లేదు. మొదటి ఐదేళ్ళు పనిమనిషి వేషాలు, ట్రే పట్టుకొచ్చి "డాక్టరుగారొచ్చారమ్మా" అని వెళ్ళిపోవడం. తర్వాత కథానాయిక చెల్లెలు, క్షయ పట్టి మూడో భాగంలో పోయేది. అలా పదకొండుసార్లు పోయింది. ఇంత అందంగా దగ్గేవాళ్ళు దేశంలో లేరని ఒక పత్రిక రాస్తే ఆ ముక్క కత్తిరించి దాచుకుంది కూడా. ఆపైన పెళ్ళికాని అత్త, పెళ్ళిళ్ళు చెడగొట్టే తల్లి, ఇప్పుడు చక్రాల కుర్చీలోంచి అందరినీ సాధించే నానమ్మ. లండన్ నాటకశాలల్లోనూ అదే తంతు, ఎడమ పక్కన గౌను సర్దుకుంటూ నిలబడడం. కథానాయిక మాత్రం ఎన్నడూ కాలేదు.

జనం ఆమెను ఏ దొరల బిడ్డో అనుకుంటారు. బస్సులో లేచి చోటిస్తారు. అసలు సంగతేమిటంటే, గ్రిమ్స్‌బీ రేవులో చేపలు, చిప్స్ వేయించి అమ్మేవాడి రెండో కూతురు. ఆమె దాచిందీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు.

ఇన్నాళ్ళకు, అరవై రెండో ఏట, ఒక పాత్ర గుమ్మందాకా వచ్చింది. కొత్త నాటకం. తొంభై కుర్చీల చిన్న హాలు. గంటన్నర సేపు వేదిక మీద ఒకే ఒక్క మనిషి. చేపల దుకాణం నడిపే విధవరాలు, మొగుణ్ణి పూడ్చిపెట్టి వచ్చి, దుకాణం తలుపు మూసుకుని, రాత్రి భోజనం తింటూ ఎదుటి ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంది. ఆ నాటకం పుస్తకాన్ని ఫిలిడా కూర్చున్న చోటే రెండుసార్లు చదివింది. ఇది నాది, అనుకుంది. ఇది గనక పోతే మళ్ళీ ఆ చక్రాల కుర్చీయే, అందులోంచి నేరుగా శవపేటికలోకే.

గురువారం మధ్యాహ్నం లండన్‌లో ఒక పబ్ మేడ మీది గదిలో ఆ పాత్రకు పరీక్ష. దర్శకురాలు ఇన్నెస్ కాల్డర్, గ్లాస్గో పిల్ల, ముప్ఫై నాలుగేళ్ళది, మాట మెత్తన కాదు. ఈ పాత్రకు ఇద్దరిని చూస్తున్నానని ముందే చెప్పేసింది. పక్క వీధినుంచి వేడి చేప, చిప్స్ తెప్పించి పళ్ళెంలో పెట్టి, "మొదలెట్టండి," అంది.

ఫిలిడా మాటలన్నీ తడుముకోకుండా చెప్పింది. గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. బాగా చేశానని తనకే తెలిసింది.

"మాట బంగారం," అంది ఇన్నెస్. "కానీ మీరు తినలేదు ఫిలిడా గారూ."

"తిన్నానే!"

"చూడండి."

చూసింది. చేప చేపలాగే ఉంది. చిప్స్ మాత్రం పొడవువారీగా వరసలో పేర్చి ఉన్నాయి. ఎప్పుడు పేర్చిందో తనకే తెలియదు. రెండోసారి చేసింది. ఫోర్కు పెదవులదాకా వెళ్ళి, మర్యాదగా వెనక్కి వచ్చింది. మూడోసారి లేని రుమాలుతో మూతి అద్దుకుంది.

ఇన్నెస్ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఈవిడ పొద్దుటినుంచీ ఏమీ తినలేదండీ. మొగుడు పోయాడు, అయినా ఆకలేస్తోంది. ఆకలేస్తున్నందుకు సిగ్గేస్తోంది. నాటకమంతా ఇంతే. మీరేమో వచ్చిన చుట్టాన్ని పంపించినట్టు తిండిని పలకరించి పంపేస్తున్నారు. శనివారం పొద్దున ఇంకొక్కసారి రండి. అప్పటికీ కాకపోతే రెండో ఆవిణ్ణి తీసుకుంటా. మొహమాటం లేకుండా చెప్పేస్తున్నా, ఏమనుకోకండి."

ఆ సాయంత్రం అక్క మావిస్ ఫోన్ చేసింది. రోజూ చేస్తుంది, రోజూ మొదటి మాట ఒకటే.

"తిన్నావా?"

"తిన్నానక్కా," అంది ఫిలిడా, అలవాటుగా. నిజానికి సింకు దగ్గర నిలబడి రెండు బిస్కెట్లు నమిలింది. ఒంటరిగా ఉంటే ఏదో నోట్లో వేసుకుంటుంది, ఎదుట మనిషి ఉంటేనే చెయ్యి ఆగిపోతుంది. ఇదెప్పుడు మొదలైందా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. భయం వేసి, మర్నాడు పొద్దున్నే గ్రిమ్స్‌బీ రైలెక్కింది.

నాన్న దుకాణం ఇప్పుడు మావిస్‌ది. అరవై ఎనిమిదేళ్ళు, గుమ్మానికి సరిపడా మనిషి. మధ్యాహ్నం కొనేవాళ్ళ వరస వీధిదాకా ఉంది. చెల్లెల్ని చూడగానే గరిటె ఎత్తింది.

"మహారాణీవారు విచ్చేశారు! జరగండర్రా, జరగండి, గౌను తొక్కేరు!"

వరసంతా నవ్వింది. జీన్సు ప్యాంటులో ఉన్న ఫిలిడా తల దించుకుని లోపలికి నడిచింది. చేపకీ చేపకీ మధ్య సందు చూసుకుని తన గోడు వెళ్ళబోసుకుంది. మావిస్ అంతా విని, వెనక గదిలో నాన్న బల్ల మీద కాగితం పొట్లం విప్పి పెట్టింది. ఉప్పు, వెనిగర్, పైన నూనెలో తేలిన పిండి పలుకులు.

"కానీ. నా ముందు తిను చూద్దాం."

ఫిలిడా ఫోర్కు తీసుకుంది. పొడిచింది, ఎత్తింది, దించింది, పక్కకు జరిపింది.

"ఇదే," అంది మావిస్. గొంతులో వెటకారం పోయింది. "నాన్నని పూడ్చొచ్చిన రోజు కూడా ఇక్కడే కూర్చుని ఇలాగే తిప్పావు. హామ్ ముక్క ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. చూస్తూనే ఉన్నా. ఇది ఏడుస్తోందా, ఏడుస్తున్నట్టు చేస్తోందా అనుకున్నా. పద్నాలుగేళ్ళయిందే. ఇప్పటికీ నాకు తెలీదు."

ఫిలిడా ఫోర్కు తిప్పడం ఆపింది. "నిజంగానే ఏడ్చానక్కా."

"అయితే తినాల్సింది. ఏడిస్తే ఆకలేస్తుంది మనిషికి. నేను పంది మాంసం కూరిన పై రొట్టెలు నాలుగు తిన్నాను ఆ రోజు. పాదిరిగారు లెక్కపెట్టారు కూడాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటేనే మావిస్ ఫోర్కు లాగేసుకుంది. "ఈ దరిద్రాన్ని అవతల పెట్టు. నాన్న మనకి ఎప్పుడైనా ఫోర్కిచ్చాడా? వేడి చల్లారేదాకా మాట్లాడితే ఊరుకునేవాడా? నీ పొట్లంలో నా చెయ్యి పడితే వేళ్ళ మీద ఫట్‌మని కొట్టేదానివి. రాక్షసివి."

ఫిలిడా వేళ్ళతో ఒక చిప్ తీసింది. ఫోర్కుతో వంద విద్యలు తెలిసిన చేతికి, ఉత్తి వేళ్ళతో ఏం చెయ్యాలో తోచలేదు. నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. ఈలోగా బయటనుంచి, "మావిస్, నా హాడక్ చేప మాడిపోతోంది!" అని కేక వినిపించి అక్క పరిగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి రైలు వేళయింది. పొట్లంలో ఒక్క చిప్పే తగ్గింది. మావిస్ దాన్ని చూసి, చెల్లెలి కోటు భుజం మీద నూనె చేత్తో గట్టిగా నొక్కింది.

శనివారం మళ్ళీ ఆ మేడ గది, మళ్ళీ ఆ పళ్ళెం. ఫిలిడా కోటు తీయలేదు, అక్క చేతి నూనె మరక భుజం మీద అలాగే ఉంది. ఫోర్కును పక్కకు తోసి, చేపను చేత్తో విరిచింది. మొదటి ముక్క కష్టంగా దిగింది. రెండోది వేగంగా దిగింది. మూడోదాని దగ్గర ఆకలి అందుకుంది, నిన్నటిదో ముప్ఫై ఎనిమిదేళ్ళదో చెప్పడం కష్టం. వంగి, మోచేతులు బల్ల మీద ఆనించి, వేళ్ళు నాక్కుంటూ తినసాగింది.

"అక్కడ మీరు చెప్పాల్సిన మాటుంది," అని ఇన్నెస్ అందించింది.

ఫిలిడా ఆగమన్నట్టు ఒక వేలు చూపించింది. నూనె కారుతున్న వేలు. ఇంకా వేడి చల్లారలేదు.

ఇన్నెస్ పుస్తకం కింద పెట్టింది. మెల్లగా వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, పళ్ళెంలోంచి ఒక చిప్ తీయబోయింది. ఫిలిడా తలెత్తకుండానే ఆ వేళ్ళ మీద ఫట్‌మని కొట్టింది.

"నీది నువ్వు తెచ్చుకో!"

పుస్తకంలో ఆ మాట లేదు. అన్నాక తలెత్తి కుర్చీ వైపు చూసింది. కొట్టడానికి ఇక మొగుడి చెయ్యి తన పళ్ళెంలోకి రాదని ఈ విధవరాలికి ఇప్పుడే తెలిసిందన్నమాట. అప్పుడు ఏడుపొచ్చింది. నోటి నిండా చిప్స్‌తో ఏడిస్తే అందంగా ఉండదు, ముక్కు కూడా కారుతుంది. పదకొండుసార్లు అందంగా చచ్చిన మనిషి దాన్ని తుడుచుకోలేదు. నమిలింది, మింగింది, తన మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

అంతా అయ్యాక ఇన్నెస్ చెయ్యి రుద్దుకుంటూ, "ఆ దెబ్బ ఉంచేద్దాం," అంది. "ఖాళీ గాలినే కొట్టండి. వచ్చే నెల మొదటివారం రిహార్సల్స్. రెండో ఆవిడకి ఫోన్ చేసి చెప్పే బాధ నాది."

మంగళవారం మళ్ళీ ఆ దొరల బంగళాలో షూటింగ్. ఉదయపు ఫలహారం దృశ్యం. చక్రాల కుర్చీలో నానమ్మ, మనవరాలికి వచ్చిన సంబంధం గురించి ఆరా తీస్తూ, "ఆ కుర్రాడికి భూములెన్ని?" అంది. అంటూనే ఎదుటి గిన్నెలోని ఉడికిన గుడ్డు చేత్తో తీసి నోట్లో వేసుకుంది. దర్శకుడు కళ్ళు పెద్దవి చేశాడు. కంటిన్యుటీ ఆవిడ ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, రాసేసుకుంది.

టామ్సిన్ ఫోర్కుతో గుడ్డును పళ్ళెం చుట్టూ షికారు తిప్పుతూ, పెదవులు కదపకుండా, "ఇంకా కుక్క వైపు కూడా పెడతారండీ," అంది.

పంతొమ్మిది టేకులయ్యాయి. సాయంత్రం డిల్లిస్ కోర్సెట్ తాళ్ళన్నీ విప్పేసి వెళ్ళాక, ఫిలిడా మంచం మీద వెల్లకిలా పడి ఉండగా ఫోన్ మోగింది.

"తిన్నావా?"

"తిన్నానక్కా. అందరి ముందూ తిన్నాను."

ఇన్నేళ్ళలో మావిస్ ఎన్నడూ అడగని రెండో ప్రశ్న అడిగింది.

"ఏం తిన్నావే?"

"పంతొమ్మిది గుడ్లు."

మావిస్ ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "అన్నీ ఒక్కరోజే తినమన్నానుటే నేను!" అని తిట్టింది.